2018 మోడల్ పికప్ కొనాలా, కొత్తది ఈఎంఐకి దించాలా?

గొల్లపూడి సరుకు
విజయవాడ దగ్గర గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ నుంచి మైలవరం, నూజివీడు, గుడివాడ వైపు షాపులకు కిరాణా సరుకు వేస్తుంటాం. ఇన్నాళ్లూ కిరాయి బండ్లతోనే నెట్టుకొచ్చాం. సొంతానికి ఒకటి పెట్టుకుందామని చూస్తుంటే ఏపీ16 నంబరు బొలెరో పికప్ తగిలింది. 2018 మోడల్, మీటరు లక్షా నలభై వేలు చూపిస్తోంది, ఐదు లక్షలు చెప్తున్నాడు. మా బావమరిదేమో "పాత బండి కొంటే కాపురం ఆటోనగర్ మెకానిక్‌ల దగ్గరే, కొత్తది దించు బావా" అంటున్నాడు. కొత్తది ఆన్‌రోడ్ పది లక్షల దగ్గర తేలుతోంది. మీరైతే ఏం చేస్తారు?

రింగు దగ్గర
రెండో మాట లేదు, కొత్తదే. 2025 సెప్టెంబర్ 22 నుంచి గూడ్స్ బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్త బండి ధర తగ్గినప్పుడు పాత బండి ధర కూడా తగ్గాలి కదా. అమ్మేవాళ్లు మాత్రం ఆ ముందు రేట్లే పట్టుకుని కూర్చున్నారు. ఎనిమిదేళ్ల బండికి ఐదు లక్షలా?

లెక్కల చిట్టా
రింగు గారూ, ధర ఎక్కువన్నది ఒప్పుకుంటా. కానీ ఈఎంఐ సంగతి కూడా చూడండి. కొత్త బండికి ఎనిమిది లక్షలు ఫైనాన్స్, 10 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే నెలకు 17,000. పాత బండికి ఫైనాన్స్ వాళ్లు వడ్డీ ఎక్కువ వేస్తారు. 16 శాతం చొప్పున మూడు లక్షలు మూడేళ్లకు తీసుకున్నా నెలకు సుమారు 10,500. ఆ తేడా 6,500 పక్కన పెడితే ఏడాదికి 78,000. రిపేర్లకు అంత పోయే బండి అసలు కొనకూడదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఎలాగూ బండి వయసు చూడదు. 2022 రేటు ప్రకారం 7,500 కిలోల లోపు గూడ్స్ బండికి 16,049, ఆపైన ట్యాక్స్.

యార్డు 07
చిట్టా అన్నా, రిపేరు బిల్లు రాశావు, డీజిల్ రాయలేదు. గుంటూరు మిర్చి యార్డులో బండి తిప్పేవాళ్లు ముందు అడిగేది మైలేజీయే. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 13 ఇచ్చే బండి 230 లీటర్లు తాగుతుంది, 10 ఇచ్చేది 300. డీజిల్ 97 అనుకో, తేడా 6,700. నువ్వు మిగిల్చిన 6,500 అక్కడికే సరి. ఇంజెక్టర్లు అరిగిన బండి ఎక్కడా ఆగదు, చక్కగా నడుస్తూనే ఉంటుంది, నెల నెలా జేబు కోస్తూ.

పానా 12
ఆటోనగర్‌లోనే నా పని, కాబట్టి కాపురం మాట వదిలేస్తున్నా.

మోడల్, మీటరు తర్వాత. మీటరు తిప్పడం ఎంతసేపు? ఇన్నాళ్లూ ఈ బండి ఏం మోసిందన్నది ముందు తేల్చుకోవాలి. గుడ్లు, పాలు మోసిన బండి, ఇసుక, ఇనుము మోసిన బండి ఒకే నెలలో షోరూం దిగినా ఈరోజు వాటి ధర ఒకటి కాకూడదు. బజార్లో మాత్రం ఒకే ధర చెప్తారు. బేరం అక్కడే ఆడాలి.

వెనక కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టాలు) చూడండి. కంపెనీ ఇచ్చిన వాటికి తోడు అదనంగా పట్టా ఎక్కించి ఉన్నా, ఖాళీ బండికే పట్టాలు చదునుగా పడిపోయి ఉన్నా ఓవర్‌లోడ్ కొట్టినట్టే. ఓవర్‌లోడ్ ఖర్చు కమాన్లతో ఆగదు. క్లచ్ ప్లేటు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు (షాఫ్ట్ కీళ్లు), సెంటర్ బేరింగు, వీల్ బేరింగులు, చివరికి వెనక యాక్సిల్ హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ పళ్లచక్రాలు, ఒకటి చేయించాక ఇంకొకటి మొదలవుతుంది. గేరు వేసి క్లచ్ వదలగానే కింద టక్‌మంటే క్రాసులు, పెద్ద ఖర్చు కాదు. యాభై, అరవై స్పీడులో వెనక నుంచి ఊళ పెట్టినట్టు వస్తే హౌసింగ్, అది మాత్రం గట్టిగానే తగులుతుంది.

తొట్టి కింద, క్యాబిన్ వెనక, కమాన్ బ్రాకెట్ల దగ్గర టార్చి వేసి ఛాసిస్ చూడండి. వెల్డింగ్ కనిపించినా, అంతమేర మాత్రమే కొత్త నల్ల పెయింటు ఉన్నా బేరమే వద్దు. అరిగి బోరుకొచ్చిన ఇంజిన్ చేయించుకోవచ్చు, పగిలిన ఛాసిస్‌ని అతికించుకుని లోడు మోయలేం.

ఇంజిన్ పొద్దున్నే, చల్లగా ఉండగా స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడి చేసి పెట్టి ఉంటే ఎందుకని అడగండి. నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ బుసబుసా తన్నుకొస్తుంటే బ్యాక్ కంప్రెషన్, అంటే లోపల పిస్టన్ రింగులు అరిగినట్టు. నీలి పొగ ఆయిల్ తాగడం. నల్ల పొగ ఎయిర్ ఫిల్టర్‌తో పోవచ్చు, ఇంజెక్టర్ల దాకా రావచ్చు. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. యార్డు తమ్ముడు చెప్పిన ఇంజెక్టర్ల సంగతి, అవి వెనక్కి వదిలే డీజిల్ కొలిచే రిటర్న్ టెస్టులో దొరికిపోతుంది. ఆ టెస్టుకు ఒప్పుకోని ఓనరు దగ్గర కొనొద్దు.

రింగు దగ్గర
పానా గారూ, ఇన్ని చూశాక బజార్లో కొనదగ్గ బండి ఎన్ని మిగులుతాయి? నా వాదన కూడా అదే.

పానా 12
తక్కువే మిగులుతాయి సార్. అందుకే వెతకాలి. ఇంకో సంగతి, ఏపీ16, ఏపీ07 నంబర్లు 2019కి ముందువి. ఆ తర్వాత రాష్ట్రమంతా ఏపీ39 మొదలైంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 పొగ నిబంధనలు. అంటే ఏపీ16 పికప్‌కు డీపీఎఫ్ (పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్) బెడద లేదు. కొత్త డీజిల్ బండిని ట్రాఫిక్‌లో చిన్న చిన్న ట్రిప్పులే తిప్పితే మసి కాలిపోయే వీలు దొరక్క డీపీఎఫ్ లైటు వెలుగుతుంటుంది. హైవే ఎక్కే బండికి ఆ టెన్షన్ ఉండదు. గొల్లపూడి గారిది నూజివీడు, గుడివాడ లైను కాబట్టి ఆయన్ని దీనికి భయపెట్టడం లేదు.

గొల్లపూడి సరుకు
అమ్మే ఆయనది పాయకాపురం. 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో బండి మునిగిందేమోనని మా వాళ్ల అనుమానం. ఆయనేమో ఆ వారం బండి కైకలూరులో ఉందంటున్నాడు.

యార్డు 07
కైకలూరా, చేపల చెరువుల ఊరు! అయితే చేపల బండేమో అది కూడా అడుగు అన్నా. ఐసు కరిగిన నీళ్లు రోజూ కారి తొట్టి అడుగు, ఛాసిస్, బ్రేకు పైపులు తుప్పు పట్టిపోతాయి. పైన టింకరింగ్, పెయింటు చేయిస్తే పెళ్లికొడుకులా కనిపిస్తుంది.

పానా 12
మునిగింది లేనిదీ ఇట్టే తెలుస్తుంది. సీటు బెల్టు పూర్తిగా లాగి చివర చూడండి, బురద గీత ఉంటుంది. ఫ్యూజు బాక్సు, డ్యాష్‌బోర్డు కింద కనెక్టర్లలో ఆకుపచ్చ చిలుము, హెడ్‌లైట్ల లోపల ఒండ్రు. ఆ నెలల్లో క్లెయిం అయిందేమో పాత ఇన్సూరెన్సు కాగితాలతో అడగండి. మునిగిన బండిలో ఇంజిన్ కంటే వైరింగే ఎక్కువ ఏడిపిస్తుంది.

మంగళగిరి డ్రైవరు
కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. రవాణా బండికి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఆ తర్వాత ఏటా. 2018 బండికి ఆ గడువు వచ్చేసినట్టే. ఎఫ్‌సీ అయిపోయిన బండి తీసుకుని టెస్టుకు నిలబెట్టాలంటే టైర్లు, లైట్లు, పెయింటు అన్నీ మన నెత్తినే. ఎఫ్‌సీ చేయించి ఇమ్మనండి. గ్రాస్ వెయిట్ 3,000 కిలోలు దాటితే పర్మిట్ కూడా ఉండాలి, సి-బుక్కులో (ఆర్‌సీ) చూసుకోండి. పాత ఫైనాన్స్ ఎన్‌ఓసీ, సి-బుక్కులో ఫైనాన్స్ పేరు తీయించే ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. పేరు మారినా ఇన్సూరెన్సు 14 రోజుల్లో మీ పేరుకి మార్పించకపోతే థర్డ్ పార్టీ వరకే చెల్లుతుంది, మీ బండికి దెబ్బ తగిలితే క్లెయిం ఇబ్బందే.

రింగు దగ్గర
అన్నీ సరే. బండి పండగ ముందు వారం ఆగిపోతే? షాపులవాళ్లు ఇంకొకడి దగ్గర సరుకు దించుకుంటారు. ఈ లెక్క చిట్టా గారు వేయలేదు.

లెక్కల చిట్టా
ఇన్నాళ్లూ కిరాయి బండ్లతో నడిపిన మనిషికి ఆ వారం కిరాయి బండి దొరకదా? దొరక్కపోయినా పోయేది వారం కిరాయి, ఐదేళ్ల ఈఎంఐ కాదు. కిరాణా పెద్ద బరువు కూడా కాదు, ఇంత తేలిక లైనుకు పది లక్షలు పెట్టించడం నాకు సమ్మతం కాదు.

రింగు దగ్గర
నూనె డబ్బాలు, పంచదార బస్తాలు తేలికా? మీరు ఎప్పుడైనా ఎత్తారా సార్?

గొల్లపూడి సరుకు
నూనె, పంచదారే సగం లోడు, రింగు గారి మాట నిజం. కైకలూరులో ఏం మోశాడో అడిగితే "అన్నీ" అన్నాడు. రేపు పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉండగా వెళ్తున్నా. రిటర్న్ టెస్టుకు సరేనంటే బండి ఆటోనగర్ తెస్తా పానా గారూ, లేదంటే నాలుగు లక్షలకిచ్చినా వద్దు.

పానా 12
శనివారం లోపు తీసుకురండి, ఆదివారం రిటర్న్ టెస్టు చేసే పంపు టెస్టింగ్ షాపులు తెరవరు. లోడుతో తెస్తే ఇంకా మంచిది, ఖాళీ బండిలో హౌసింగ్ శబ్దం దొరకదు.