ఇంటి ధరలో ఇల్లెంత, స్థలమెంత?

అద్దె ఇంటివాడు:
పదకొండేళ్లలో ఐదు ఇళ్లు మారాను. మొన్న ఖాళీ చేసిన ఇంటి యజమాని తమ అబ్బాయి వచ్చి ఉంటాడని చెప్పారు. నెల తిరగకముందే అదే గేటుకు, పెంచిన అద్దెతో, 'టు లెట్' బోర్డు వేలాడింది. కొందామంటే నేను కూడబెట్టేలోపు ధర మరో మెట్టు పైకెక్కి కూర్చుంటోంది. ఇళ్లు ఇంత ఖరీదు కావడానికి అసలు కారణమేమిటో, మీ అనుభవంలో ఏది పనికొచ్చిందో చెప్పగలరా?

సైట్ ఇంజనీరు:
చాలామంది సిమెంటు, స్టీలు ధరలను తిట్టుకుంటారు గానీ, ఊరి మధ్యలో కట్టినా ఊరి చివర కట్టినా శ్లాబుకు పట్టే సామాను ఒకటే. ఒకే ప్లానుతో ఆ రెండు చోట్లా కట్టిన ఇళ్ల ధరల్లో కనిపించే తేడా దాదాపు అంతా స్థలానిదే. ఉద్యోగాలు, బడులు, రవాణా ఉన్న చోటే అందరికీ ఇల్లు కావాలి. అక్కడి నేలను మాత్రం ఎవరూ పెంచలేరు. పెంచగలిగింది అదే నేల మీద పట్టే ఇళ్ల సంఖ్యను, దాన్నేమో నిబంధనలు కట్టేస్తాయి.

నేను గీసిన ఒక ప్లాను సంగతి చెబుతాను. ఆ స్థలంలో ఆరు ఫ్లాట్లు వస్తాయని యజమాని ఆశపడ్డాడు. చుట్టూ సెట్‌బ్యాకులు, అంటే గోడకూ సరిహద్దుకూ మధ్య ఖాళీ జాగా, వదిలి, కారు తిరిగే దారితో కలిపి ఒక్కో బండికి సుమారు 25 నుంచి 30 చదరపు మీటర్లు పార్కింగుకు ఇచ్చి, అంతస్తుల పరిమితికి లోబడేసరికి నాలుగే మిగిలాయి. ఆరుగురు పంచుకోవలసిన స్థలం ఖర్చు నలుగురి మీద పడింది. పైగా అనుమతి కోసం ఫైలు ఏడాదికి పైగా తిరిగింది. ఆ కాలమంతా స్థలం కోసం తెచ్చిన అప్పు మీద నడిచిన వడ్డీ కూడా చివరకు కొన్నవారి నెత్తినే పడింది.

బ్యాంకు లెక్కలు:
అప్పు చౌకైతే ఇల్లు చౌకవుతుందని అనుకోకండి. ఇరవై ఏళ్ల అప్పుకు వడ్డీ 9 శాతం నుంచి 6 శాతానికి తగ్గితే, అదే నెలవాయిదాతో సుమారు నాలుగో వంతు ఎక్కువ అప్పు పుడుతుంది. ఇళ్ల సంఖ్య మాత్రం అంతే ఉంటుంది కాబట్టి, కొనేవారందరి చేతిలో పెరిగిన ఆ సొమ్ము చాలావరకు అమ్మేవారి ధరలోకే చేరుతుంది. కొనుగోలుదారులకు ప్రభుత్వాలిచ్చే రాయితీలకూ తరచుగా ఇదే గతి పడుతుంది.

పాత ఇంటి యజమానురాలు:
నా వైపు నుంచీ వినండి. పక్కన అయిదంతస్తులు లేస్తే మా వరండాలోకి ఎండ రాదు, మురుగు కాలువ ఇప్పటికే పొంగుతోంది. అంతకంటే మొహమాటం లేకుండా చెప్పాలంటే, నా జీవితకాలపు పొదుపంతా ఈ ఇంట్లోనే ఉంది. ధర పడిపోవాలని నేను కోరుకోలేను. కొత్త కట్టడం వద్దని మా వీధివాళ్లం అభ్యంతరం పెట్టినప్పుడు నేనూ సంతకం చేశాను.

ఇక అద్దెలకు చట్టంతో కళ్లెం వేయాలనేవారికి ఒక మాట. శాన్ ఫ్రాన్సిస్కోలో 1994లో అద్దె నియంత్రణను చిన్న భవనాలకూ వర్తింపజేశారు. అప్పటికే ఉన్న అద్దెదారులకు అది నిజంగా మేలు చేసింది. కానీ ఆ చట్టం కిందికి వచ్చిన యజమానులు అద్దెకిచ్చే ఇళ్లను దాదాపు 15 శాతం తగ్గించుకున్నారని తర్వాత జరిగిన పరిశోధనలో తేలింది.

సైట్ ఇంజనీరు:
యజమానురాలు గారూ, మురుగు కాలువ గురించి మీరన్నది న్యాయమే. ఇళ్లకు అనుమతి ఇచ్చేవారు పైపుల సామర్థ్యమూ పెంచాలి. ఎండ సంగతి మాత్రం ఇల్లే లేనివారి అవసరంతో తూచి చూడవలసిందే. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ 2016లో తన నివాస ప్రాంతాల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మేర మరింత దట్టంగా కట్టుకోవడానికి వీలు కల్పించింది. ఆ తర్వాతి ఏళ్లలో కొత్త ఇళ్ల అనుమతులు, ముఖ్యంగా వరుస ఇళ్లవి, బాగా పెరిగాయి.

నిశాచర పాఠకురాలు:
అనుమతులు ఒక్కటే చాలవని నా అభిప్రాయం. లాభం లేని చోట ప్రైవేటువారు కట్టరు. ధర తగ్గుతోందంటే పని ఆపేస్తారు. వియన్నా 1920ల నుంచీ సొంతంగా కట్టిస్తూ వచ్చింది. నేడు ఆ నగర జనాభాలో సుమారు సగం మంది నగరపాలక సంస్థ ఇళ్లలోనో, రాయితీ పొందిన సహకార సంఘాల ఇళ్లలోనో ఉంటున్నారు. సింగపూర్‌లో 1960లో గృహ మండలిని ఏర్పాటు చేశారు, ప్రభుత్వం పెద్ద ఎత్తున భూమి సేకరించింది. ఆ భూసేకరణ లేకుండా ఆ పద్ధతిని అనుకరించడం కష్టం.

ఖాళీగా పడి ఉన్న స్థలం మీద పన్ను పెంచడం కూడా నాకు నచ్చిన మార్గం. కట్టడం మీద పన్ను వేస్తే కట్టేవాడు వెనకాడతాడు, స్థలం మీద వేస్తే ముళ్లకంచె వేసి కూర్చున్నవాడు కదులుతాడు.

అద్దె ఇంటివాడు:
అందరికీ ధన్యవాదాలు. మా ప్రాంతపు ప్రణాళిక ముసాయిదా మీద ఇప్పుడు అభిప్రాయాలు అడుగుతున్నారు. అది సొంత ఇళ్లవారి వ్యవహారమని ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. అదనపు అంతస్తులకు మద్దతుగా ఉత్తరం రాద్దామనుకుంటున్నాను; ఇంటి పన్ను రసీదు లేనివారి ఉత్తరం తీసుకుంటారా?

పాత ఇంటి యజమానురాలు:
నేను అభ్యంతరం రాసినప్పుడు రసీదు ఏమీ అడగలేదండీ. చిరునామా, సంతకం సరిపోయాయి.