ఫిలిప్ గ్లాస్ ‘సత్యాగ్రహ’ చివరి పాటలో గీతా శ్లోకాలను గుర్తుపట్టడం ఎలా?

1980లో రోటర్‌డామ్‌లో తొలిసారి ప్రదర్శితమైన, అమెరికన్ స్వరకర్త ఫిలిప్ గ్లాస్ ఒపెరా (సంగీత నాటకం) ‘సత్యాగ్రహ’ ముగింపులో, గాంధీ పాత్రధారి ఎనిమిది స్వరాల ఆరోహణనే మళ్ళీ మళ్ళీ పాడుతూ భగవద్గీత నాలుగో అధ్యాయంలోని శ్లోకాలను వినిపిస్తాడు. ఆ స్వరాలు మన కర్ణాటక సంగీతంలోని హనుమతోడి రాగం ఆరోహణతో సరిపోతాయి కనుక సంగీతం సులభంగానే అందుతోంది, సాహిత్యమే అందడం లేదు. ‘బహూని మే వ్యతీతాని’ మొదలుకొని శ్లోకపాఠం ఎదురుగా పెట్టుకుని విన్నాను, వేగాన్ని 0.75కు తగ్గించి చూశాను, ఆవృత్తానికొక (ఆరోహణ ఒకసారి పూర్తయిన ప్రతిసారీ) అడ్డగీటు పెట్టుకుంటూ లెక్కించాను. అక్షరాలు బాగా సాగిపోవడం వల్ల రెండో పాదానికే స్థానం తప్పుతోంది. ఇంత నిరాడంబరమైన స్వరకల్పనను మాట తెలియకుండా వినడం పెద్ద వెలితిగా ఉంది. ఒపెరా స్వరప్రతి (స్కోరు) చూసినవారు దయచేసి చెప్పగలరా: ‘యదా యదా హి ధర్మస్య’ ఎన్నో ఆవృత్తంలో మొదలవుతుంది?