జూన్ వచ్చినా చలే, గోంగూర నారు బయట నాటొచ్చా? (మాంచెస్టర్)

కిటికీ దగ్గర పెంచిన టమాటా, గోంగూర నారు జానెడు ఎత్తు వచ్చింది, పగలు ఎండ బానే ఉంటోంది గానీ రాత్రి 8 డిగ్రీలకి పడిపోతోంది, మధ్యమధ్యలో వాన. ఇప్పుడే నేలలో నాటేయమంటారా?

జవాబు: టమాటా ఓకే అండీ, కాకపోతే ఒకేసారి పెట్టేయకండి. వారం పది రోజులు పగలు బయట, రాత్రి లోపల పెట్టి అలవాటు చేసి, రాత్రిళ్లు 10 దాటుతున్నాయంటే అప్పుడు నాటండి. పొడుగ్గా పెరిగే రకమైతే ఆకు సందుల్లో వచ్చే పిలకల్ని గిల్లేస్తూ ఉండాలి, లేదంటే పొదలా అయిపోయి కాయ పండేలోపు సెప్టెంబర్ వచ్చేస్తుంది.

జవాబు: గోంగూర మాత్రం వద్దు బ్రో, ఈ చలికి ఆకు పసుపెక్కి అక్కడే ఆగిపోద్ది. కుండీలో వేసి గ్రీన్‌హౌస్‌లోనే ఉంచు. ఖాళీ మడిలో మెంతులు చల్లేయ్. కొత్తిమీరైతే కొంచెం నీడలో వెయ్యి, జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురే కదా, ఊరికే పూతకొచ్చేస్తుంది.

జవాబు: స్లగ్స్ (గుల్ల లేని నత్తలు) సంగతి ఎవరూ చెప్పలేదేంటి 😀 వాన పడిన రాత్రి టార్చ్ పట్టుకుని ఏరాల్సిందే, లేకపోతే చిక్కుడు నారు తెల్లారేసరికి మోళ్లే మిగుల్తాయి.