చంటిపిల్లలతో విశాఖలో రెండు రోజులు: ఈ వరస కుదురుతుందా?

విజయనగరం నుంచి శని, ఆదివారాలు ఎంచుకున్నాం. సోమవారం జూ, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం రెండూ మూసి ఉంటాయి. పిల్లలకు నాలుగేళ్లు, ఏడాదిన్నర. ఐదేళ్లలోపు రైలు టికెట్ అక్కర్లేదు గానీ సీటూ ఇవ్వరు, ఒళ్లోనే కూర్చోబెట్టాలి.

జూకి గేటు తీయగానే వెళ్లాలి. ఎండెక్కితే జంతువులు నీడకు చేరతాయి, పిల్లలు సోలిపోతారు. మధ్యాహ్నం నిద్ర తప్పనిసరి. సాయంత్రం సబ్‌మెరైన్. అసలు సందేహం ఇక్కడే: లోపల దారి ఇరుకు, చుట్టూ పైపులు, చక్రాల హ్యాండిళ్లు. చంటిదాన్ని చంకనెత్తుకుని, తల వంచుకుని దాటగలమా, లేక ఒకరు బయటే ఆగాలా? ఆర్కే బీచ్‌లో ఇసుక వరకే, అలలు లాగేస్తాయి కాబట్టి నీళ్లలోకి దింపం. ఆదివారం కైలాసగిరి రోప్‌వేకి పొద్దున మేలా, సాయంత్రమా? బీచ్ దగ్గర, గదికే వేడినీళ్లు, మెత్తటి పప్పన్నం పంపే లాడ్జీ ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.