ప్రపంచ చెస్ టైటిల్ పోరు ఆఖరి 14వ గేమ్: గుకేష్ గెలిచిందా, డింగ్ పోగొట్టుకున్నదా?

వరంగల్_రూక్: 2024 డిసెంబర్ 12, సింగపూర్, గుకేష్‌కి, అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్‌కి స్కోరు చెరి 6.5, వైట్ (తెల్ల పావులు) డింగ్‌ది, బ్లాక్ గుకేష్‌ది. 55వ ఎత్తులో డింగ్ రూక్‌ని (ఏనుగుని) ఎఫ్2 గడికి దించిండు, ప్రపంచ టైటిలే పోయింది. అందరూ ఆ ఎత్తునే తిడుతున్రు గానీ నేనైతే ఓపెనింగ్‌నే (ఆట మొదటి ఎత్తులనే) తప్పు పడతా. ఆఖరి గేమ్‌ల వైట్ చేతిల పెట్టుకొని నైట్ (గుర్రం) ఎఫ్3, బంటు జి3 ఆడి రివర్స్‌డ్ గ్రున్‌ఫెల్డ్ అనే ఓపెనింగ్‌లకు పోతే గెలవాలని ఉన్నట్టా?

నల్లగడి: ఓపెనింగ్ ఏం చేసిందన్నా? 12వ గేమ్‌లో డింగ్ జి3 వేసే గెలిచాడుగా. ఇక్కడ డింగ్‌కి బంటు తక్కువైనా బంట్లన్నీ బోర్డుకి ఒక పక్కనే ఉన్నాయి, 54వ ఎత్తు దాకా డ్రానే. ఎ8 మూలలో బిషప్ (ఒంటె) పెట్టుకుని రూకులు మార్చుకోవడమే కొంప ముంచింది. గుకేష్ బిషప్ డి5లో ఎదురొచ్చి నిలబడగానే మూలలోదానికి పోయే దారే లేదు, కొట్టుకుంటే రాజులు, బంట్లే మిగిలే ఎండింగ్ (ఆట చివరి దశ), అందులో బ్లాక్‌కి ఒకటి ఎక్కువ. 58వ ఎత్తుకి డింగ్ రిజైన్.

బంటు64: ఆ ఓపెనింగ్‌ని రెటీ అనాలి, గ్రున్‌ఫెల్డ్ కాదు.

వరంగల్_రూక్: పేరు ఏదైతేంది! డ్రా అయ్యే గేమ్‌ని అవతలోడు అలసిపోయేదాకా లాగుడు చెస్సా? మా వాడు జిల్లా అండర్-11ల రూక్ ఎండింగ్, మూడుసార్లు డ్రా అడిగిండు, అవతలి పిల్లగాడు ఒప్పుకోలే, గంటల తరబడి లాగిండు, మావాడు కళ్లు తుడుచుకుంట రూక్‌ని ఊరికే ఇచ్చేసిండు.

నల్లగడి: బంటు ఎక్కువ ఉండి, ఓడే భయం లేనప్పుడు డ్రా ఎందుకివ్వాలి? డింగ్‌కి టైమ్ కూడా తక్కువ. ఎదుటివాడు ప్రతి ఎత్తూ సరిగ్గా వేయాల్సిందే, ఆ పరీక్షే ఆట. మీవాడికి ఓపెనింగ్ లైన్లు బట్టీ పట్టించారు, ఎండింగ్ ఒక్కరోజైనా నేర్పించారా? కోపమొస్తే రానీ.

బంటు64: ఇద్దరూ కొంచెం ఆగండి.

వరంగల్_రూక్: కోపమే వస్తది. కోచ్ ఓపెనింగ్ ఫైళ్లే ఇచ్చిండు, నెలనెలా ఫీజు కట్టింది నేను. ఓపెనింగ్‌ల ఓడితే ఒక్క గంటలనే అయిపోతది, పిల్లగాడు ఇంటికొచ్చి అన్నం తింటడు. అన్నిగంటలు కూసొని ఓడినోడు ఆ రోజు నుంచి బోర్డు ముట్టలే, నువ్వు వాని మొకం చూడలే.

నల్లగడి: ఈ మాట ముందే చెప్పాల్సిందన్నా. స్కోర్‌షీట్ ఉంటే పెట్టు, ఆ రూక్ ఎండింగ్ నేను కూర్చుని చూస్తా.

వరంగల్_రూక్: ఉన్నది, రాత్రికి పెడతా. డింగ్ మాత్రం మొదటి ఎత్తుకే రాజు ముందు బంటుని ఇ4కి దూకించాల్సిందే.