స్నానం అయ్యాక ఒళ్ళంతా దురద, దద్దుర్లు: లూటన్‌కి కొత్తగా వచ్చిన తమ్ముడి ప్రశ్న, జవాబులు

లూటన్ నుంచి, కొత్తగా వచ్చిన విద్యార్థి:

అందరికీ నమస్కారం. నేను జనవరి ఇన్‌టేక్‌లో మాస్టర్స్‌కి ఇంగ్లండ్ వచ్చాను, మాది నల్గొండ దగ్గర పల్లెటూరు. ఇక్కడికి వచ్చిన కొన్నాళ్ళకే మొదలైంది. స్నానం చేసి టవల్‌తో తుడుచుకుంటూ ఉండగానే మెడ, ఛాతీ, చేతుల మీద విపరీతమైన దురద, చూస్తే దద్దుర్లు. ఇంటి దగ్గర ఎప్పుడూ ఇలా లేదు. రూమ్మేట్స్ ఇక్కడి నీళ్ళు నీకు పడలేదు, షవర్‌కి ఫిల్టర్ కొనుక్కో అంటున్నారు. అమ్మేమో బ్యాగులో పెట్టిచ్చిన దురద క్రీమ్ ట్యూబు రాసుకోమంటోంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఎంతవుతుందో ఏమో తెలియదు. ఎవరికైనా ఇలా అయిందా? చాలా టెన్షన్‌గా ఉంది.

రెడింగ్ నుంచి:

తమ్ముడూ, ముందు ఆ ట్యూబు మూత పెట్టి పక్కన పడెయ్. ఎందుకో కింద చెప్తాను.

నేను ఇక్కడ ఒక మందుల షాపులో కౌంటర్ దగ్గర పనిచేస్తాను, డాక్టర్‌ని కాదు. కానీ చలికాలం వచ్చిందంటే స్నానం చేస్తే దురద అంటూ వచ్చే మనవాళ్ళు నాకు బాగా అలవాటు. అందరూ ఒకే మాట చెప్తారు గానీ అందరిదీ ఒకే జబ్బు కాదు, అక్కడే తేడా కొడుతుంది. నీళ్ళ సంగతి తర్వాత చూద్దాం, ముందు నీ ఒంటి మీద లేచేవి ఎలా ఉన్నాయో, ఎంతసేపు ఉంటున్నాయో చూడాలి.

ఇలా చెయ్. ఈసారి దద్దుర్లు లేవగానే ఒకదాని చుట్టూ బాల్‌పెన్‌తో గీత గీసి టైమ్ రాసి పెట్టుకో. గంటలోనో, కొన్ని గంటల్లోనో గీత లోపల చర్మం మచ్చ కూడా లేకుండా మామూలైపోతే అవి అసలైన దద్దుర్లు, డాక్టర్లు అర్టికేరియా అంటారు. మర్నాడు కూడా అక్కడే ఉండి, పొలుసులు రాలుతూ, గరుకుగా, గోక్కున్నచోట నల్లబడుతూ ఉంటే అది వేరే. ఇంకోటి, ఇంటర్నెట్‌లో కనపడే ఫొటోలు చాలావరకు తెల్లవాళ్ళ చర్మానివి, ఎర్రగా కందినట్టు ఉంటాయి. మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు అంతగా కనపడదు. చాలాసార్లు చర్మం రంగులోనే ఉబ్బుతాయి, వేలితో తడిమితేనే తెలుస్తాయి. అందుకని ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి ఫొటో తీయించుకో, నీడ పడి ఉబ్బు స్పష్టంగా వస్తుంది. అపాయింట్‌మెంట్ దొరికేలోపు అవి మాయమైపోతాయి, డాక్టర్‌కి చూపించడానికి ఆ ఫొటోనే నీ సాక్ష్యం.

చలికాలంలో ఎక్కువమందికి వచ్చేది మాత్రం మామూలు పొడి చర్మం. బయట చలి, లోపల రోజంతా హీటింగ్, గదిలో తేమ ఉండదు. దానికి తోడు వణుకుతూ బాత్‌రూమ్‌లోకి వెళ్ళి పొగలు కక్కే వేడినీళ్ళ కింద ఇరవై నిమిషాలు నిలబడతాం. చర్మం మీద సహజంగా ఉండే జిడ్డు మొత్తం ఆ వేడికీ సబ్బుకీ కొట్టుకుపోతుంది. దీంట్లో ఉబ్బు ఉండదు, పిక్కల మీద, నడుం దగ్గర, చేతుల మీద గోటితో గీస్తే తెల్లటి చారలు పడతాయి, దురద రాత్రి దాకా లాగుతుంది. దీనికి షవర్ ఐదు పది నిమిషాల్లో ముగించాలి, నీళ్ళు గోరువెచ్చగా చాలు. ఘాటు వాసన సబ్బు మానేసి వాసన లేనిది తీసుకో, అది కూడా చంకలు, గజ్జలు, పాదాలకి చాలు, ఒళ్ళంతా రుద్దక్కర్లేదు. టవల్ అద్దుకుని, ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే మాయిశ్చరైజర్ పట్టించు. ఈ45, సెట్రాబెన్ లాంటివి ఇక్కడ మందుల షాపుల్లో దొరుకుతాయి, చిన్న ట్యూబు కంటే పంపు ఉన్న పెద్ద డబ్బా తీసుకుంటే గిట్టుబాటు. ఆక్వియస్ క్రీమ్ అని చవగ్గా ఉంటుంది, అది ఒంటికి పట్టించి వదిలేయొద్దు. అందులో సబ్బుల్లో వాడే రసాయనం ఉండటం వల్ల కొందరికి మంట పుడుతుంది. సున్నిపిండి, స్క్రబ్, స్నానం నీళ్ళలో డెట్టాల్ పొయ్యడం, వేపాకు మరగబెట్టి పొయ్యడం, ఇవన్నీ తగ్గేదాకా ఆపెయ్. దురద ఉన్న చర్మాన్ని రుద్దేకొద్దీ ఇంకా రేగుతుంది.

ఒక జాగ్రత్త, దీన్ని ఎవరూ చెప్పరు కాబట్టి గట్టిగా చెప్తున్నా. ఈ మాయిశ్చరైజర్లు బట్టలకి, దుప్పట్లకి అంటి ఎండిపోతే ఆ బట్ట నిప్పు తగలగానే భగ్గుమంటుంది. వాషింగ్ మెషీన్‌లో ఉతికినా పూర్తిగా పోదు. ఒంటికి పట్టించిన వెంటనే వదులు చొక్కాతో గ్యాస్ స్టవ్ మీదికి వంగడం, దేవుడి దగ్గర దీపం వెలిగించడం, సిగరెట్ ముట్టించడం వద్దు. అలాగే టబ్బులో కారితే కాలు జారుతుంది, చూసుకో.

ఇక నీళ్ళు. లూటన్, రెడింగ్, లండన్ చుట్టుపక్కలంతా సుద్దరాతి నేల, ఆ రాతిలోంచి వచ్చే నీళ్ళు గట్టి నీళ్ళు (హార్డ్ వాటర్), అంటే సున్నం కరిగి ఉన్నవి. కెటిల్ లోపల చూడు, అడుగున తెల్లగా పొరకట్టి, గోటితో గీకితే పెచ్చులుగా లేస్తుంది, అదే ఆ సున్నం. అయినా నల్గొండ బోరు నీళ్ళలో పెరిగినవాడివి, గట్టి నీళ్ళు నీకు కొత్త కాదు కదా. ఈ నీళ్ళలో సబ్బు సరిగ్గా నురగ రాదు, దాంతో ఎక్కువ రుద్దుతాం, కడిగినా దాని జిడ్డు ఒంటి మీదే ఉండిపోయి చర్మాన్ని చిరాకు పెడుతుంది. అది నిజమే. కానీ ఫిల్టర్‌కి డబ్బులు తగలెయ్యకు. షవర్‌కి బిగించే చిన్న ఫిల్టర్లు మామూలుగా క్లోరిన్ తగ్గించడానికి చేసినవి, నీళ్ళలో కరిగిన సున్నాన్ని అవి తియ్యలేవు. దానికి ఉప్పు వేసి నడిపే పెద్ద సాఫ్ట్‌నర్ కావాలి, అద్దె ఇంట్లో అయ్యే పని కాదు. పైగా నాటింగ్‌హామ్‌లోని పరిశోధకులు ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల్ని తీసుకుని, సగంమంది ఇళ్ళలో ఆ పెద్ద సాఫ్ట్‌నర్లే పెట్టించి 12 వారాలు చూశారు. 2011లో ఫలితాలు వచ్చాయి, మామూలు వైద్యం చేయించుకున్నవాళ్ళకీ వీళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. ఆ డబ్బుతో మంచి మాయిశ్చరైజర్ కొనుక్కో.

ట్యూబు సంగతి. మన దగ్గర మెడికల్ షాపులో దురద అనగానే ఇచ్చేవాటిలో చాలావాటిలో గట్టి స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయోటిక్ మూడూ కలిపి ఉంటాయి. రాసిన రెండ్రోజులు హాయిగా ఉంటుంది, అందుకే అమ్మలకి వాటి మీద అంత నమ్మకం. నీకున్నది తామర, అంటే ఫంగస్ వల్ల వచ్చే రింగ్‌వార్మ్ అయితే ఆ స్టెరాయిడ్ పైపైన దురద అణిచి, అడుగున తామరని పాకనిస్తుంది. తర్వాత దాని ఆకారమే మారిపోయి డాక్టర్ కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఇండియాలో మందులకి లొంగని తామర ఇంతగా పెరగడానికి ఈ ట్యూబులు ఒక కారణమని చర్మ డాక్టర్లు మొత్తుకుంటున్నారు. మెడ మీద, మొహం మీద, గజ్జల్లో ఎక్కువ రోజులు రాస్తే చర్మం పల్చబడి చారలు పడతాయి, ఆ చారలు ఇక పోవు. బెట్నొవేట్ లాంటి గట్టి స్టెరాయిడ్ క్రీములు ఇక్కడ ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇవ్వరు, ఊరికే కాదు. అమ్మకి నేను చెప్పానని చెప్పు, బాధపడొద్దను.

డాక్టర్ ఖర్చు గురించి అడిగావు. వీసాతో పాటు హెల్త్ సర్‌చార్జ్ అని ఏడాదికి 776 పౌండ్లు కట్టావు కదా, అది దీనికే. జీపీని, అంటే మన ఏరియా డాక్టర్‌ని చూడటానికి ఒక్క పైసా కట్టక్కర్లేదు. అక్కడ ఇంకా పేరు నమోదు చేసుకోకపోతే ఇవాళే చేసుకో, ఆన్‌లైన్‌లో అవుతుంది. అడ్రస్ ప్రూఫ్ లేదని రిజిస్టర్ చెయ్యకుండా పంపించకూడదు, అది ఎన్‌హెచ్‌ఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ పెట్టిన నియమమే, కౌంటర్ దగ్గర మర్యాదగానే గుర్తు చెయ్. మందు రాస్తే ఇంగ్లండ్‌లో ఒక్కోదానికి పది పౌండ్ల దాకా అవుతుంది. ఈలోపు ఏ మందుల షాపుకి వెళ్ళినా ఫార్మసిస్ట్ ఉచితంగా చూసి చెప్తారు, పక్కన చిన్న గది ఉంటుంది, చొక్కా విప్పి చూపించడానికి మొహమాటపడకు.

పెదాలు, నాలుక వాచినా, గొంతు పట్టేసినట్టు ఉన్నా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయేలా ఉన్నా మాత్రం ఎవర్నీ అడుగుతూ కూర్చోకు, వెంటనే 999కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలువు.

గ్లాస్గో నుంచి:

అక్క చెప్పింది అక్షరాలా నిజం. నీళ్ళ గురించి ఒక మాట కలుపుతాను. మా గ్లాస్గోకి నీళ్ళు లాక్ కాట్రిన్ సరస్సు నుంచి వస్తాయి, 1859 నుంచీ అంతే. చాలా మెత్తటి నీళ్ళు, కెటిల్‌లో పొర కట్టదు, సబ్బు కాస్త రాస్తే బోలెడు నురగ. అయినా ఇక్కడికి వచ్చిన మన పిల్లలకి మొదటి చలికాలం ఇదే దురద. కాబట్టి వేడినీళ్ళు, హీటింగ్ తగ్గించి చూడండి బాబూ. ఇక్కడ ఇంకో లాభం, స్కాట్లండ్‌లో ప్రిస్క్రిప్షన్ మందులకి డబ్బు తీసుకోరు.

లూటన్ నుంచి, మళ్ళీ అదే విద్యార్థి:

అక్కా, అన్నా, చాలా థాంక్స్. పెన్‌తో గీసి చూశాను. సన్నగా గుండుసూది తల అంత ఉన్నాయి, చుట్టూ కొంచెం కందినట్టు. గంట కూడా ఉండట్లేదు, మచ్చ లేకుండా పోతున్నాయి. గమనిస్తే స్నానానికే కాదు, మొన్న బస్సు కోసం పరిగెత్తినప్పుడు, రూమ్‌లో కారం ఎక్కువైన చికెన్ తిన్నప్పుడు కూడా ఛాతీ మీద సూదులతో పొడిచినట్టు ఇలాగే వచ్చింది. చన్నీళ్ళతో మొహం కడిగితే రావట్లేదు. ఇది నీళ్ళ ఎలర్జీనా?

రెడింగ్ నుంచి:

చూశావా, ఎంత బాగా గమనించావో. నీళ్ళ ఎలర్జీ అనేది ఉంది, వేడైనా చల్లనైనా నీళ్ళు తగిలితే చాలు వస్తుంది, కానీ చాలా అరుదు. నువ్వు చెప్పేది ఒళ్ళు వేడెక్కినప్పుడు వచ్చే దద్దుర్లలాగా ఉంది, కోలినర్జిక్ అర్టికేరియా అంటారు. పరుగు, కారం, కోపం, వేడినీళ్ళు, ఒళ్ళు వేడెక్కించి చెమట పట్టించేది ఏదైనా దాన్ని లేపుతుంది. నీ వయసు వాళ్ళలోనే ఎక్కువగా మొదలవుతుంది. చలికాలంలో ఎక్కువవుతుందని చాలామంది అంటారు. ప్రాణం మీదికి రావడం అరుదే గానీ ఖాయం చెయ్యాల్సింది డాక్టరే, ఈ ముక్కలన్నీ ఇలాగే ఆయనకి చెప్పు.

ఈలోపు గోరువెచ్చటి నీళ్ళు. సెటిరిజిన్ 10 మిల్లీగ్రాములది రోజుకి ఒకటి వేసుకుని చూడొచ్చు, సూపర్ మార్కెట్ సొంత బ్రాండుది చవక, లోపల మందు ఒకటే. కొందరికి మత్తుగా ఉంటుంది, కాబట్టి మొదటి మాత్ర వేర్‌హౌస్ షిఫ్ట్ లాంటి పనులేవీ లేని రోజు వేసుకో. వేరే మందులు వాడుతున్నా, కిడ్నీ సమస్య ఉన్నా ఫార్మసిస్ట్‌కి చెప్పాకే వేసుకో. తగ్గకపోతే డోసు నువ్వే పెంచకు, అవసరమైతే డాక్టర్ పెంచుతారు.

ఇది చదివే మిగతావాళ్ళకి కూడా చెప్తున్నా. వేడికి కాకుండా చలికి, అంటే షవర్‌లోంచి చల్లటి గదిలోకి వచ్చాకనో, చన్నీళ్ళు తగిలాకనో పెద్ద పెద్ద దద్దుర్లు లేచేవాళ్ళు ఉంటే, డాక్టర్‌ని చూడకుండా బోర్న్‌మత్ బీచ్‌లో ఫ్రెండ్స్‌తో సముద్రంలోకి దూకొద్దు. చన్నీళ్ళలో ఒళ్ళంతా ఒకేసారి మునిగితే బీపీ పడిపోయి నీళ్ళలోనే స్పృహ తప్పే ప్రమాదం ఉంది.

కోవెంట్రీ నుంచి:

అక్కా, మధ్యలో అడుగుతున్నందుకు సారీ. మా ఇంట్లో ఆరుగురం ఉంటాం, ముగ్గురికి దురద. వేడినీళ్ళ స్నానం చేస్తే ఎక్కువవుతోంది, రాత్రి పడుకున్నాక ఇంకా ఘోరం. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ చిన్న చిన్న పొక్కులు. ఇది కూడా అదేనా?

రెడింగ్ నుంచి:

కాదమ్మా. ఒకే ఇంట్లో ముగ్గురికి, రాత్రిపూట, వేళ్ళ సందుల్లో అంటే గజ్జి (ఇక్కడ స్కేబీస్ అంటారు) అని అనుమానించాలి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు సర్దుకునే చోట ఎంత శుభ్రంగా ఉన్నా అంటుకుంటుంది. కొత్తగా అంటినవాళ్ళకి కొన్ని వారాల దాకా దురద కూడా తెలియదు, అందుకే ఆ మిగతా ముగ్గురికీ దురద లేదని వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. రేపే ఫార్మసిస్ట్‌ని కలవండి. పర్మెత్రిన్ క్రీమ్ ఇస్తే ఆరుగురూ ఒకే రోజు రాసుకోవాలి, ఒళ్ళు చల్లబడ్డాక రాసుకోవాలి, వేడినీళ్ళ స్నానం చేసిన వెంటనే కాదు. వారం తర్వాత మళ్ళీ ఇంకోసారి. దుప్పట్లు, టవళ్ళు, బట్టలు 60 డిగ్రీల్లో ఉతకండి, ఉతకలేనివి కవర్లో మూతి కట్టి కనీసం మూడు రోజులు పక్కన పెట్టండి. మందు పనిచేసినా దురద ఇంకొన్ని వారాలు ఉండొచ్చు, కంగారుపడి రోజూ రాసుకోకండి. మీ ఇంటి ఓనర్‌కి చెప్పడానికి భయపడుతున్నారేమో, అది తర్వాత చూసుకుందాం, ముందు ఆరుగురూ కూర్చుని ఏ రోజు రాసుకోవాలో ఒక తేదీ అనుకోండి.

లూటన్ తమ్ముడూ, జీపీ రిజిస్ట్రేషన్ ఫారంలో ఏదైనా అర్థం కాకపోతే ఇక్కడే అడుగు, నేను ఆదివారం ఖాళీ.