అప్‌డేట్: ఫోటోడయోడ్ సిగ్నల్‌లో 100 హెర్ట్జ్ నాయిస్ పోయింది

బెంగళూరులో ఎంటెక్ ప్రాజెక్టు చేస్తున్నాను, ఫోటోడయోడ్ (వెలుగును కరెంటుగా మార్చే సెన్సర్) రీడింగుల్లో 100 హెర్ట్జ్ నాయిస్, అంటే సెకనుకు 100 సార్లు ఊగే అనవసర సిగ్నల్ వస్తోందని ఇక్కడే అడిగాను. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

"ముందు ల్యాబ్‌లో లైట్లన్నీ ఆర్పి చూడండి" అన్న సలహాతోనే విషయం తేలింది. ఆర్పగానే స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే గ్రాఫ్) 100 హెర్ట్జ్ దగ్గరున్న పీక్ మాయం! మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ వెలుగు ఒక్కో సైకిల్‌లో రెండుసార్లు, అంటే సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. డయోడ్ పట్టుకున్నది దాన్నే. కేబుల్, ఎర్తింగ్ మార్చినా తేడా రాలేదు. 50 హెర్ట్జ్ నాచ్ ఫిల్టర్‌కు (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే తీసేసేది) ఇక్కడ పనే లేదు.

ఎప్పుడూ చీకట్లో కూర్చోలేం కదా! గైడ్ గారు చెప్పినట్టు ప్రయోగంలో వాడే ఎల్‌ఈడీని 1030 హెర్ట్జ్‌తో మాడ్యులేట్ చేసి (సెకనుకు 1030 సార్లు వెలుగు పెంచి తగ్గించి), లాక్-ఇన్ యాంప్లిఫయర్‌తో (ఒక్క ఫ్రీక్వెన్సీనే ఏరి కొలిచే పరికరం) ఆ ఫ్రీక్వెన్సీనే చదువుతున్నాను. 1000 పెట్టకండి, అది 100కి గుణిజం, లైట్ల నాయిస్ 100 గుణిజాల్లోనూ ఉంటుంది కాబట్టి మళ్లీ కలుస్తుంది. డయోడ్‌కి నల్ల కవర్ కూడా వేయండి, లేకపోతే గది వెలుగుకే యాంప్లిఫయర్ సాచురేట్ అయిపోవచ్చు (గరిష్ఠ స్థాయికి చేరి ఇక మార్పు చూపదు).